కాన్యన్ల ట్రిప్‌కి వెళ్తున్నారా, వాన సంగతి చూసుకున్నారా?

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, అన్నా, వేగస్‌లో దిగి కారు తీసుకుని యూటాలో జయాన్, బ్రైస్ పార్కులు, అరిజోనాలో పేజ్ ఊరు, గ్రాండ్ కాన్యన్, ఈ లోతైన రాతి లోయలన్నీ నాలుగు రోజుల్లో చుట్టేసి రావచ్చా అని. రావచ్చు. కానీ జూన్ సగం నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ కూడా మాన్సూన్ ఉంటుందని చాలామందికి తెలీదు, ఎడారిలో వానేంటి అనుకుంటారు. మొదటిసారి నేనూ అలాగే అనుకుని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, పిల్లల్ని వేసుకుని ఆగస్టులో బయల్దేరా.

రెండోరోజు బ్రైస్ చూసుకుని మధ్యాహ్నం పేజ్‌కి బయల్దేరాం. మామూలుగా అయితే కనాబ్ మీదుగా పోవాలి, చుట్టు దారి. ఫోన్ ఏమో కానన్‌విల్ దగ్గర్నుంచి కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్ అని దగ్గర దారి చూపించింది. కోడాక్రోమ్ బేసిన్ పార్క్ దాకా తారు రోడ్డే, అది దాటాక అంతా మట్టి. సరిగ్గా అక్కడికొచ్చేసరికి తుంపర మొదలైంది. ఆ మట్టి మన రేగడి లాంటి బంకమన్ను, ఎండలో రాయిలా ఉంటుంది, నాలుగు చినుకులు పడితే సబ్బులా జారుతుంది. దిగి చూద్దామని కాలు పెడితే రెండడుగులకే బూటు కింద అంగుళం మందాన మట్టి అంటుకుపోయింది, కాలు ఎత్తలేకపోయా. పక్కనే ఎండిపోయిన వాగు, ఇక్కడ వాష్ అంటారు, అందులో సన్నగా ఎర్రనీళ్ళు వస్తున్నాయి. నాన్నది గోదావరి పక్క ఊరు. ఒక్కసారి చూసి, ఒరే, ఎర్రనీరు వచ్చిందంటే పైన ఎక్కడో గట్టిగా కొట్టేసింది, ముందు బండి వెనక్కి తిప్పు అన్నారు. తిప్పాం. టైర్లకి మట్టి పట్టేసి బండి అటూఇటూ ఊగుతూ ఎలాగో తారు రోడ్డు ఎక్కింది, వెనక్కి చూస్తే ఆ సన్నటి ధారే చెట్టు కొమ్మల్ని దొర్లించుకుంటూ పోతోంది. మా మీద అప్పటికీ తుంపరే!

మీకు చెప్పాలనుకున్నది ఇదే, అక్కడ మీ నెత్తిమీద వాన పడుతోందా లేదా అన్నది లెక్క కాదు, పైన ఎక్కడ పడిందన్నదే లెక్క. నేల చాలాచోట్ల రాయి, నీళ్ళు ఇంకవు, ఎక్కడో మైళ్ళ దూరంలో పడ్డ వాన మొత్తం ఆ ఇరుకు సందుల్లోకి వచ్చేస్తుంది. 1997 ఆగస్టు 12న పేజ్ దగ్గర లోయర్ ఆంటిలోప్ కాన్యన్‌లో 11 మంది టూరిస్టులు ఇలాగే పోయారు, వాన పడింది వాళ్ళ దగ్గర కాదు. 2015 సెప్టెంబర్‌లో జయాన్ కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు. అందుకే మాకు మర్నాడు ఆంటిలోప్ టూర్ క్యాన్సిల్ అని మెసేజ్ వస్తే పిల్లలు ఏడ్చినా నేను ఒక్కమాట అనలేదు. అక్కడ గైడ్ లేకుండా లోపలికి వెళ్ళనివ్వరు, వాళ్ళు వద్దంటే వద్దనే.

వెళ్ళేరోజు పొద్దున్నే వెదర్ సర్వీస్ సైట్ చూడండి. ఫ్లాష్ ఫ్లడ్, అంటే ఉన్నట్టుండి వచ్చే వరద, దానికి వాచ్ అంటే వచ్చే అవకాశం ఉందని, వార్నింగ్ అంటే వచ్చేసింది లేదా రాబోతోందని, ఈ రెండూ కలిపేసుకోవద్దు. జయాన్ వాళ్ళు ఏ రోజుకారోజు వరద అవకాశం ఎంతో చెప్తారు, "పాజిబుల్" అని ఉన్నా సరే నారోస్‌లోకి, అంటే నది నీళ్ళలోనే నడిచే ఇరుకు లోయలోకి, పిల్లల్ని తీసుకెళ్ళకండి, విజిటర్ సెంటర్‌లో రేంజర్‌ని అడగండి, సిగ్గుపడక్కర్లేదు. వాన ఎక్కువగా మధ్యాహ్నం నుంచే, కాబట్టి నడకలన్నీ పొద్దున్నే పెట్టుకోండి.

రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే మాత్రం ఆగిపోండి. అడుగు లోతు పారే నీళ్ళు చిన్న కారుని లాక్కుపోతాయి, రెండడుగులైతే ఎస్‌యూవీలు కూడా. వాగు దాటబోయి కొట్టుకుపోయిన వార్తలు మన ఊళ్ళలో ప్రతి వానాకాలం వింటూనే ఉంటాం కదా, ఇక్కడ హైవే నున్నగా ఉంది, కారు కొత్తది అని ఆ భయం మర్చిపోతాం. అరిజోనాలో అయితే వరద రోడ్డుకి అడ్డంపెట్టిన బారికేడ్ దాటి వెళ్ళి ఇరుక్కుంటే రెస్క్యూ ఖర్చు మీ దగ్గరే వసూలు చేసే చట్టం ఉంది. రెంటల్ కారు అగ్రిమెంట్ కూడా ఒకసారి చదవండి, మట్టి రోడ్డు మీదకి తీసుకెళ్తే కవరేజ్ ఉండదని చాలావాటిలో ఉంటుంది.

మాకు ఆ ట్రిప్‌లో ఒక రూమ్ డబ్బులు పోయాయి, నాన్ రిఫండబుల్ అని కాస్త తక్కువకి దొరికితే బుక్ చేశా. ఇప్పుడైతే పది ఇరవై డాలర్లు ఎక్కువైనా క్యాన్సిల్ చేసుకునేదే తీసుకుంటా, ప్లాన్‌లో ఒకరోజు ఖాళీగా వదిలేస్తా. డబ్బులు కట్టేశాం కదా వెళ్దాం అనే ఆలోచనే మనల్ని ఆ వాగు దాకా తీసుకెళ్ళేది. అమ్మానాన్నలతో వెళ్తే వాళ్ళ బీపీ, షుగర్ మందులు డిక్కీలో కాకుండా చేతి సంచీలో పెట్టండి, నీళ్ళు మనిషికో గ్యాలన్, ఇంత పులిహోర, మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకోండి, మధ్యలో సిగ్నల్ ఉండదు. కనాబ్‌లోనే ట్యాంక్ నింపుకోండి.

నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ సెలవులకి వెళ్ళేవాళ్ళకి వాన కాదు, మంచు. ఫీనిక్స్‌లో టీషర్ట్ వేసుకుని తిరుగుతారు, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, సౌత్ రిమ్, ఏడువేల అడుగుల ఎత్తు, బ్రైస్ ఎనిమిదివేల పైనే, అక్కడ రోడ్డు మీద గాజులాంటి ఐస్ ఉంటుంది. ఉత్తరపు అంచు, నార్త్ రిమ్‌కి వెళ్ళే రోడ్డు చలికాలం మూసేస్తారు, ఫోన్ చూపించినా పోలేరు. పొగమంచు కమ్మేసి కాన్యన్ అసలు కనపడకపోతే వెంటనే వెళ్ళిపోకండి, గంటో రెండు గంటలో ఆగితే ఒక్కోసారి విడిపోతుంది.

ఇంకోటి, ఎండాకాలం యూటాకీ పేజ్‌కీ గంట తేడా ఉంటుంది, పేజ్‌లో ఫోన్ ఒక్కోసారి యూటా టైమ్ చూపిస్తుంది. టూర్ టైమ్ ఏ లెక్కనో ముందే కనుక్కోండి.