చిచ్చుబుడ్ల కోసం ఇంట్లో మెగ్నీషియం, అల్యూమినియం పొడి చేసుకోవచ్చా?

"గాజువాక ఆటోనగర్‌లో స్క్రాప్ చవగ్గా దొరుకుతోంది. దీపావళికి పాత మిక్సీలో పొడి చేసుకుంటాను, పక్కన బకెట్ నీళ్లు ఉంచుకుంటాను, ఇబ్బందేమైనా ఉందా?" అని అడిగారు. ఉందండీ. ముఖ్యంగా ఆ బకెట్‌తోనే.

నేను లేత్ పనిచేసిన షాపులో ఒకసారి ట్రేలో గుప్పెడు మెగ్నీషియం రజను అంటుకుంది. పక్క మిషన్ కుర్రాడు కంగారులో మగ్గుతో నీళ్లు కొట్టాడు. భగ్గున తెల్లటి మంట పైరేకుల దాకా లేచింది. మండే మెగ్నీషియం నీళ్లలోని ఆక్సిజన్‌ను లాక్కుని హైడ్రోజన్‌ను వదులుతుంది, అదీ అంటుకుంటుంది. గోడకున్న సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) మంటలార్పే సిలిండరూ దండగే, ఆ గ్యాస్‌లోనూ మెగ్నీషియం మండుతుంది. మా మేస్త్రీ పొడి ఇసుక బస్తా కుమ్మరిస్తే గానీ ఆగలేదు. ఆరాక చూస్తే కింద కాంక్రీటు పెచ్చులు లేచిపోయింది. బీచ్ నుంచి తెచ్చిన తడి ఇసుక అయ్యుంటే మళ్లీ మొదటికే వచ్చేది.

ఇక మిక్సీ. మోటారులో కార్బన్ బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి. పైగా లోహాన్ని కొత్తగా నూరితే గాలి తగలని ఉపరితలం బయటపడుతుంది. బాగా మెత్తగా నూరిన పొడి మూత తీసి గాలి తగలగానే అంటుకోవచ్చు.

మందు కలిపేటప్పుడే ప్రమాదం అనుకుంటారు చాలామంది. 2014 ఆగస్టులో చైనాలోని కున్షాన్‌లో పేలింది బాణసంచా కాదు, కారు చక్రాలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో ఉత్త అల్యూమినియం దుమ్ము. దుమ్ము చేరే డ్రమ్ము తుప్పుపట్టి లోపలికి తేమ చేరింది, పొడి తనంతట తానే వేడెక్కింది. 146 మంది పోయారు. మన వైజాగ్ ఉక్కపోతలో బాల్కనీలో పెట్టిన డబ్బాకి తేమ పట్టదని ఎవరు హామీ ఇస్తారు?

లైసెన్సు లేకుండా బాణసంచా తయారుచేస్తే 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద కేసు అవుతుంది, అది వేరే టెన్షన్.

కొన్నది ఇంకా ముక్కలుగానే ఉంటే స్క్రాప్ కొట్టుకే తిరిగి ఇచ్చేయండి. ఇప్పటికే పొడి చేసేసి ఉంటే మూత తీయొద్దు, కాలువలో పారబోయొద్దు. పిల్లల్ని అటు రానివ్వకుండా 101కి ఫోన్ చేసి, ఏ లోహం పొడో, ఎంత ఉందో చెప్పండి.