విన్సీ ఊరి పేరు, లియొనార్డో మనిషి పేరు

చిరంజీవికి ఆశీస్సులు.

ఫ్లోరెన్సు చిత్రకారుల మీద నువ్వు ఇంగ్లీషులో రాసిన వ్యాసం చదివాను. గోడమీద తడి సున్నం ఆరేలోపే రంగు వేసి తీరాలన్న తొందరను నువ్వు వర్ణించిన తీరు బాగుంది. కానీ రెండో పేరాకు వచ్చేసరికి మనసు చివుక్కుమంది. డావిన్సీ వేశాడు, డావిన్సీ అనుకున్నాడు, డావిన్సీ విసిగిపోయాడు అంటూ వరసగా రాసుకుపోయావు.

అది ఇంటిపేరు కాదమ్మా. ఆయన 1452లో ఫ్లోరెన్సుకు పడమరనున్న విన్సీ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. 'డా' అంటే 'నుంచి'. సెర్ పియెరో అనే నోటరీ కొడుకు, విన్సీవాడు, లియొనార్డో. 'లియొనార్డో డి సెర్ పియెరో డా విన్సీ' అనే ఆ పొడుగాటి పేరులో ఉన్నదంతా ఇంతే. ఒకసారి పూర్తిగా రాశాక మిగతా ప్రతి వాక్యంలోనూ లియొనార్డో అనే ఉండాలి. ఇటలీవాళ్లు అలాగే పిలుస్తారు, ఇంగ్లీషులో కళాచరిత్ర శ్రద్ధగా రాసేవాళ్లూ అలాగే రాస్తారు. మన ప్రకాశం పంతులుగారి ఇంటిపేరులోనూ టంగుటూరు ఊరు ఉంది. 'టంగుటూరి జైలుకెళ్లాడు' అని ఎవరైనా రాస్తే ఊరుకుంటామా? 1972లో జిల్లాకు పెట్టింది కూడా ప్రకాశం అనే పేరే కదా!

కుర్రతనంలో నేనూ ఓ ఇంగ్లీషు పత్రికకు వ్యాసం పంపాను. అక్కడి ఉపసంపాదకుడు లియొనార్డో అన్న ప్రతిచోటా కొట్టేసి డావిన్సీ అని దిద్ది అచ్చేశాడు. వెళ్లి అడిగితే, 'పాఠకులకు తెలిసింది అదే' అన్నాడు. పాఠకుడికి తెలిసిందే మళ్లీ చెప్పడానికి పత్రిక దేనికి? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బొమ్మ ఎవరిదో చెప్పడానికి ముందు ఆ మనిషిని సరిగ్గా పిలవడం తెలియాలి. నీ దగ్గర నేను పట్టుబట్టేది ఇదొక్కటే.

అలాగని 'డె', 'డి', 'డా' కనబడ్డ చోటల్లా కత్తెర వేసెయ్యకు. సినిమా దర్శకుడు విట్టోరియో డె సికా ఇంటిపేరు డె సికాయే. రెండు ముక్కలూ పెద్దక్షరంతోనే మొదలవుతాయి, ఒట్టి సికా అని రాస్తే తప్పు. ఫ్లోరెన్సును ఏలిన లొరెంజో డె మెడిచి దగ్గర లెక్క వేరు. ఒక్క ఇంటిపేరే రాయాల్సివస్తే ఇంగ్లీషులో 'డె' వదిలేసి మెడిచి అంటారు. ఆ వంశం మొత్తానికి 'ద మెడిచి' చాలు. ఇటాలియన్‌లో అది ముందే బహువచనం, నువ్వు తగిలించిన 'ఎస్' తీసెయ్.

ఆర్తెమీసియా జెంతిలెస్కి పేరా దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. మగవాళ్లని ఇంటిపేరుతో గౌరవించి ఆవిణ్ణి ఒట్టి పేరుతో పిలవడమేమిటని నువ్వు కోప్పడ్డావు. ఆ కోపం నాకు నచ్చింది. కానీ తండ్రి ఒరాజియో కూడా చిత్రకారుడే. జెంతిలెస్కి అంటే ఏ జెంతిలెస్కి? తండ్రీకూతుళ్లిద్దరూ ఉన్న వ్యాసంలో ఇద్దరినీ సొంత పేర్లతోనే రాయి, ఒరాజియో, ఆర్తెమీసియా అని. అప్పుడు ఎవరూ తక్కువ కారు.

చిత్రకారుడు కారవాజ్జో పేరు కూడా ఊరి పేరే కదా అని రేపు నువ్వు నన్ను నిలదీస్తావు. నిజమే, ఆయన అసలు పేరు మికెలాంజెలో మెరీసి. కానీ ఆయన్ని సొంత దేశంవాళ్లే కారవాజ్జో అంటారు. అందుకని ఆ పేరా జోలికి వెళ్లకు. మిగతావి దిద్ది మళ్లీ పంపు.