లైటింగ్ సందేహాలు: బోర్డు స్క్రీన్ హాలు మధ్యలోకి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: వచ్చే నెల రవీంద్రభారతిలో మా సమాజం ఒక సాంఘిక నాటకం వేస్తోంది. లైట్ క్యూలు (ఏ ఘట్టంలో లైట్లు ఎలా మారాలో చెప్పే మార్పులు) చాలానే ఉన్నాయి. కిందటిసారి వేరే హాల్లో వేసినప్పుడు లైట్లు నడిపే బోర్డు వెనకాల అద్దాల గదిలో ఉంది. నేను ముందు వరసల్లో కూర్చుని ఫోన్లో "ఆ నీలం కాస్త తగ్గించండి" అనడం, ఆపరేటర్ గారు "ఏ నీలం మేడమ్?" అని అడగడం, ఇలాగే రిహార్సల్ అర్ధరాత్రి దాకా సాగింది. ఆ బోర్డు స్క్రీన్ నా ముందుకు తెచ్చుకోగలనా? ఫోన్‌తో నేనే మార్చుకోవచ్చా?
- ఒక దర్శకురాలు, చిక్కడపల్లి

జవాబు: తెచ్చుకోవచ్చమ్మా. కాకపోతే మీరు రెండు పనులు కలిపి అడిగారు. చూడటం వేరు, మార్చడం వేరు. మీకు కావలసింది చూడటం. మార్చే పని ఆపరేటర్ చేతిలోనే ఉండనివ్వండి.

లైటును ప్రేక్షకుడి కుర్చీలోంచే చూడాలి. అద్దం వెనకనుంచి చూస్తే రంగు ఒకలా, హాల్లోంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. అందుకే పెద్ద థియేటర్లలో రిహార్సల్ రోజుల్లో కుర్చీల మధ్య ఒక టేబుల్ వేసి, బోర్డు స్క్రీన్‌ని అక్కడికి తెస్తారు. లైటింగ్ బోర్డులు చేసే ఈటీసీ కంపెనీ ఈ పని కోసమే ఆర్‌వీఐ అనే పెట్టె తయారుచేసింది. నెట్‌వర్క్ కేబుల్‌తో కన్సోల్‌కు (అంటే బోర్డుకే) కలిపితే క్యూల జాబితా, ఛానెల్ లెవెళ్లు (ఏ నంబరు లైటు ఎంత వెలుగుతోందో) టేబుల్ మీది మానిటర్‌లో కనిపిస్తాయి. కీబోర్డు కూడా తగిలించుకోవచ్చు.

మీకు అంత ఖర్చు అక్కర్లేదు. ముందు హాలు వాళ్లకు ఫోన్ చేసి బోర్డు ఏ మోడల్, మానిటర్ అవుట్‌పుట్ ఒకటి ఖాళీగా ఉందా అని కనుక్కోండి. ఉంటే హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ జత ఒకటి, సరిపడా క్యాట్6 కేబుల్ తెచ్చుకుంటే చాలు. ఒక పెట్టె బోర్డు దగ్గర, ఒకటి మీ టేబుల్ దగ్గర పెట్టాలి. మామూలు హెచ్‌డీఎంఐ వైరును అంతదూరం లాగితే బొమ్మ నమ్మకంగా రాదు. చాలా రకాల ఎక్స్‌టెండర్లు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు నేరుగా కలిపితేనే పనిచేస్తాయి, మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టకండి. మానిటర్ ప్లగ్గును డిమ్మర్ (లైటు వెలుగు పెంచి తగ్గించే పరికరం) సాకెట్లో మాత్రం గుచ్చకండి, పాడైపోతుంది. నడవలో వెళ్లే కేబుల్ మీద గాఫర్ టేప్ పూర్తిగా అతికించండి.

స్క్రీన్ వచ్చాక మీ మాట తీరు మారుతుంది. "ఆ నీలం" పోయి "ఇరవైమూడు, నలభైకి" వస్తుంది, అంటే ఇరవైమూడో ఛానెల్‌ని నలభై శాతానికి తెమ్మని. ఛానెల్ నంబరు, అది రంగస్థలం మీద ఎక్కడ పడుతుంది, ఏ రంగు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. సగం కాలం అక్కడే మిగులుతుంది.

ఇంకొక విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. మానిటర్ బ్రైట్‌నెస్ బాగా తగ్గించాలి. తెల్లటి స్క్రీన్ చూసి తలెత్తితే రాత్రి సీను ఉన్నదానికంటే చీకటిగా కనిపిస్తుంది. మీరు "పెంచండి" అంటారు, ఆయన పెంచుతారు. ప్రదర్శన రోజు చీకటికి కళ్లు అలవాటుపడ్డ ప్రేక్షకుడికి అదే సీను పట్టపగల్లా ఉంటుంది. మన నాటకాల్లో వెన్నెల వెన్నెలలా ఉండకపోవడానికి ఇదీ ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ఫోన్. ఈటీసీ ఈఓఎస్ కన్సోళ్లకు రిమోట్ యాప్ ఉంది. గ్రాండ్‌ఎంఏ2 అనే ఇంకో బోర్డు అయితే ఫోన్ బ్రౌజర్లోనే వెబ్ రిమోట్ తెరుచుకుంటుంది. ఇవి బాగా పనికొచ్చేది ఫోకస్ పెట్టేటప్పుడు, అంటే ఒక్కో లైటునూ అది పడాల్సిన చోటికి తిప్పేటప్పుడు. నిచ్చెన మీద మనిషి "తర్వాతది వెయ్" అనగానే కింద పట్టుకున్న మనిషి జేబులోంచి ఫోన్ తీసి వెయ్యకుండా, ఆ పనికే ఇంకొకరిని పక్కన నిలబెట్టండి. నిచ్చెన పట్టుకున్న చెయ్యి వదలకూడదు.

రిహార్సల్లో మీరూ ఆపరేటరూ ఒకేసారి నొక్కితే మాత్రం చిక్కే. ఈఓఎస్‌లో ఒకే యూజర్ నంబరు మీద రెండు పరికరాలుంటే కమాండ్ లైన్ (కొట్టిన ఆదేశాలు పడే గీత) ఒక్కటే. ఆయన "ఇరవైమూడు" కొట్టి ఎంటర్ నొక్కేలోగా మీరు "ఐదు" కొడితే అదీ అక్కడే పడుతుంది. యూజర్ నంబర్లు వేరుగా పెట్టించండి. ప్రదర్శన వేళకు ఫోన్ రిమోట్ పూర్తిగా ఆపేయండి. హాలు నిండా ఫోన్లు ఉన్నప్పుడు వైఫై మీద ఆధారపడితే టెన్షనే. జేబులో వేలు తగిలి గో (తర్వాతి క్యూ నడిపే బటన్) పడినా వెనక్కి తీసుకోలేం.

ప్రశ్న: కన్సోల్ నుంచి లైట్లకు వెళ్లే డీఎంఎక్స్ కేబులే టేబుల్ దాకా లాగితే స్క్రీన్ వస్తుందా సార్?
- రంగస్థల కళల విద్యార్థి, గచ్చిబౌలి

జవాబు: రాదు బాబూ. 1986లో అమెరికాలోని థియేటర్ సాంకేతిక సంస్థ యూఎస్ఐటీటీ రూపొందించిన డీఎంఎక్స్512 అనే పద్ధతిలో కన్సోల్ నుంచి డిమ్మర్లకు, ఫిక్చర్లకు (లైటు పరికరాలకు) వెళ్లేవి లెవెళ్లు మాత్రమే. ఒక లైన్‌లో 512 ఛానెళ్లు, ఒక్కోదానికి 0 నుంచి 255 వరకు ఒక అంకె. ఇది ఎన్నో క్యూ, పేరేంటి, ఎన్ని సెకన్లలో మారాలి అన్న సంగతులు ఆ తీగలో ఉండవు. ఆర్ట్‌నెట్, ఎస్ఏసీఎన్ అనే పద్ధతులు కూడా ఇవే అంకెల్ని నెట్‌వర్క్ మీద మోస్తాయి. లాప్‌టాప్‌లో వ్యూయర్ పెట్టుకుంటే లెవెళ్లు కనిపిస్తాయి, క్యూ జాబితా కనిపించదు. దానికి కన్సోల్ మానిటర్ అవుట్‌పుట్ గానీ, ఆ కంపెనీ సొంత రిమోట్ గానీ కావాలి.