అజర్‌బైజాన్‌లో ఒకే టీచర్ మూడు లిపుల్లో పాఠాలు చెప్పాల్సి వచ్చిందా?

అవును, 1920ల మొదట్లో ఉద్యోగంలో చేరిన అజర్‌బైజానీ భాషా టీచర్ ఇరవై ఏళ్లు తిరిగేలోపే అరబిక్, లాటిన్, సిరిలిక్ (రష్యన్ రాసే లిపి) మూడూ నేర్పాల్సి వచ్చింది, భాష మాత్రం అదే.

కారణం చాలావరకు రాజకీయమే. అరబిక్ లిపిలో ఆ భాష అచ్చులు సరిగ్గా రాయడం కుదరదని అక్కడి చదువుకున్నవాళ్లు 19వ శతాబ్దం నుంచే అంటున్నారు, 1922లో లాటిన్ మొదలుపెట్టి 1929కి అరబిక్ తీసేశారు. ఈలోపు టర్కీ కూడా లాటిన్‌కి మారేసరికి టర్కీతో ఆ దగ్గరితనం మాస్కోలోని సోవియట్ ప్రభుత్వానికి నచ్చలేదు, 1940లో సిరిలిక్ పెట్టేశారు. అంటే టీచర్‌కి కొత్త అక్షరాలు, కొత్త పుస్తకాలు, పైగా నిన్నటిదాకా ప్రభుత్వమే మెచ్చుకున్న అభిప్రాయం ఇవాళ నేరం.

ఉదాహరణకి బెకిర్ చోబన్‌జాదే. క్రిమియాకి చెందిన తాతార్ జాతివాడు, అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ప్రొఫెసర్, 1926లో అక్కడ జరిగిన టర్కాలజీ (టర్కిక్ భాషలు, జాతుల అధ్యయనం) మహాసభలో ముఖ్యుల్లో ఒకడు, లాటిన్‌కి గట్టి మద్దతుదారు. 1937లో పాన్-టర్కిజం (టర్కిక్ జాతులన్నీ ఒకటవ్వాలనే వాదం) లాంటి ఆరోపణలతో కాల్చి చంపేశారు.

చాలామంది అరబిక్ నుంచి నేరుగా సిరిలిక్‌కి మార్చారనుకుంటారు, కాదు, మధ్యలో పదేళ్లకు పైగా లాటిన్ నడిచింది. 1991 డిసెంబర్‌లో మళ్లీ తెచ్చుకున్నదీ లాటినే, కాకపోతే అక్షరాలు కొన్ని వేరు. ఇరాన్‌లోని అజర్‌బైజానీలకి ఈ మార్పులేవీ తగల్లేదు, వాళ్లది ఇప్పటికీ ఎక్కువగా అరబిక్ లిపే.