సబ్‌లీజు: ఇచ్చినట్టా, తీసుకున్నట్టా?

సందేహం: అమెరికాలో చదువుకుంటున్న మా అబ్బాయి వేసవి ఇంటర్న్‌షిప్ కోసం వేరే ఊరికి వెళుతూ "రూమ్ సబ్‌లీజ్ చేశాను" అని రాశాడు. గదిని ఎవరికైనా ఇచ్చాడో, ఎవరి దగ్గరైనా తీసుకున్నాడో నాకు బోధపడలేదు. ఇక్కడ హైదరాబాదులో మేము రాసుకున్న అద్దె ఒప్పందంలో "ఇంటిని ఉపకౌలుకు ఇవ్వరాదు" అని ఉంది. ఈ రెండూ ఒకటేనా? ఉపకౌలు, ఉప అద్దె అనే మాటల్లో ఏది వాడదగినది?

సమాధానం: రెండూ ఒకే వ్యవహారం. యజమాని నుంచి ఒక ఆస్తిని అద్దెకో లీజుకో తీసుకున్నవారు, తమ గడువు ఇంకా మిగిలి ఉండగానే, దాన్ని పూర్తిగా గాని, అందులో ఒక భాగాన్ని గాని మూడో వ్యక్తికి అద్దెకు ఇవ్వడమే సబ్‌లీజు. ఇందులో మొదటి ఒప్పందం రద్దు కాదు. అది ఉండగానే దాని కింద రెండోది పుడుతుంది. అందువల్ల నడుమనున్న వ్యక్తి యజమాని ముందు అద్దెకున్నవాడు, కొత్తగా వచ్చినవారి ముందు అద్దెకిచ్చినవాడు. ఒకే మనిషికి రెండు హోదాలున్న ఇలాంటి వ్యవహారంలో క్రియ స్పష్టంగా లేకపోతే వినేవారికి తికమక తప్పదు.

మీ అబ్బాయి వాక్యంలో చిక్కు 'సబ్‌లీజ్' అన్న నామపదంతో రాలేదు, 'చేశాను' అన్న క్రియతో వచ్చింది. ఇంగ్లీషులో రెంట్, లీజ్, సబ్‌లెట్ అనే క్రియలు ఇచ్చేవారికీ తీసుకునేవారికీ కూడా చెల్లుతాయి; ఎవరు ఎవరో సందర్భాన్ని బట్టి తెలుసుకోవలసిందే. తెలుగులో 'అద్దె' క్రియ కాదు. దానికి షష్ఠీ విభక్తి ప్రత్యయమైన 'కు' చేర్చి అద్దెకు ఇచ్చాడు, అద్దెకు తీసుకున్నాడు, అద్దెకు దిగాడు, అద్దెకు ఉంటున్నాడు అంటాం కనుక ఇల్లు ఎటునుంచి ఎటు వెళ్లిందో క్రియే చెప్పేస్తుంది. అన్యదేశ్యాలకు 'చేయు' తగిలించి ఫోన్ చేశాడు, బుక్ చేశాడు అనడం మనకు అలవాటే, దాన్ని తప్పు పట్టనక్కరలేదు; అయితే ఇచ్చిపుచ్చుకోవడాలను చెప్పేచోట ఈ 'చేయు' అసలు విషయాన్ని మింగేస్తుంది. అమెరికా విశ్వవిద్యాలయ పట్టణాల్లో విద్యార్థుల అద్దె ఒప్పందాలు చాలావరకు ఏడాదికి ఉంటాయి. వేసవిలో ఊళ్లో లేకపోయినా అద్దె కట్టాలి కనుక తమ గదిని ఆ మూడు నెలలకు మరొకరికి ఇచ్చి, పని దొరికిన ఊళ్లో ఇంకొకరి గదిని అదే పద్ధతిలో తీసుకుంటారు. మీ అబ్బాయి రెండూ చేసి ఉండవచ్చు. మొదటిదాన్ని "నా గదిని సబ్‌లీజుకు ఇచ్చాను" అనీ, రెండోదాన్ని "ఇక్కడ ఒక గది సబ్‌లీజుకు తీసుకున్నాను" అనీ రాస్తే సందేహానికి తావుండదు.

ఇక 'ఉపకౌలు' సంగతి. కౌలు అరబ్బీలోని 'ఖౌల్' నుంచి వచ్చింది. దానికి మాట అని అర్థం. ఇచ్చిన మాట, ఆ మాటను రాసి ఇచ్చిన పత్రం, ఆ పత్రం మీద భూమిని అనుభవించే ఏర్పాటు – ఇలా అర్థం విస్తరించి, నేటి వ్యవహారంలో సాగుభూమి దగ్గర స్థిరపడింది. కౌలు రైతు అంటాం గాని, మూడు గదుల వాటాలో ఉంటున్న ఉద్యోగిని కౌలుదారు అనం. కాబట్టి మీ ఒప్పందంలోని 'ఉపకౌలు' అర్థం కాకపోదు, చట్టాల అనువాదాల్లో అలవాటైన మాటే. కాని ఇంటి విషయంలో చెవికి పొసగదు. పొలాన్ని కౌలుకు తీసుకున్న రైతు అందులో రెండెకరాలు పక్క రైతుకు ఇచ్చినప్పుడు ఆ మాట చక్కగా అతుకుతుంది. నిజాం కాలపు రెవెన్యూ పరిభాషలో, 1317 ఫసలీ (అప్పటి రెవెన్యూ సంవత్సరాల లెక్క) నాటి హైదరాబాదు భూమిశిస్తు చట్టంలో, పట్టాదారు దగ్గర భూమిని కౌలుకు పట్టినవాడికి 'ఆసామీ షిక్మీ' అనే పేరుంది. పారశీకంలో 'షికమ్' అంటే కడుపు. ఒకరి హక్కు కడుపులో ఇంకొకరి హక్కు ఉంటుందన్న ఊహ ఆ మాటలో ఉంది. ఇప్పుడది పాత దస్తావేజులు చదివేవారికే పరిచయం.

ఇంటికి 'ఉప అద్దె' నయం. సంస్కృత ఉపసర్గకు తెలుగు మాటను జోడించడం వైరి సమాసమని కొందరు ముఖం చిట్లిస్తారు. నాకా అభ్యంతరం లేదు. 'ఉప ఎన్నిక' కూడా అలా పుట్టినదే, దాన్ని ఇప్పుడెవరూ మార్చబోరు. రాయడంలో మాత్రం ఒక జాగ్రత్త కావాలి: ఉప, అధ్యక్షుడు రెండూ సంస్కృత పదాలు కనుక సవర్ణదీర్ఘసంధి జరిగి ఉపాధ్యక్షుడు అయింది, అద్దె సంస్కృతం కాదు కనుక 'ఉపాద్దె' అనకూడదు, విడిగా 'ఉప అద్దె' అనే రాయాలి. రాయలసీమవారు ఉప బాడుగ అన్నా, తెలంగాణవారు ఉప కిరాయి అన్నా అంతే చెల్లుతుంది. కొని లాభానికి మళ్లీ అమ్మడాన్ని మారుబేరం అంటాం కదా, ఆ పోలికలో 'మారు అద్దె' అని కూడా అనవచ్చు. నాకు ఈ మాటే ఇష్టం, అయితే ఇంకా వాడుకలోకి రాని మాటను ఒప్పందపత్రంలో పెట్టమని సలహా ఇవ్వలేను.

లీజు, సబ్‌లీజు అనే మాటలు తెలుగులో కలిసిపోయాయి. వాటిని తరిమివేయవలసిన పని లేదు. బెంగళూరులో ఉండే తెలుగువారు మాత్రం గుర్తుంచుకోవలసినది ఒకటుంది. అక్కడ ఇంటిని "లీజుకు తీసుకున్నాం" అంటే పెద్ద మొత్తం ఒకేసారి యజమాని చేతికిచ్చి, నెలనెలా అద్దె కట్టకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ సొమ్ము తిరిగి తీసుకునే ఏర్పాటు. దానికి భోగ్యం అనే మంచి పేరుంది. అక్కడ 'సబ్‌లీజు' అంటే ఎదుటివారు అద్దెనుకుంటారో భోగ్యమనుకుంటారో చెప్పలేం కనుక విడమరచి చెప్పడం మేలు.

సబ్‌లీజునూ హక్కు బదలాయింపునూ కూడా కలపకూడదు. అద్దెకున్నవారు తమ మిగిలిన హక్కునంతా మరొకరికి వదిలేసి తప్పుకొంటే అది బదలాయింపు. సబ్‌లీజులో వారు తప్పుకోరు. బదలాయింపుకు ఇంగ్లీషులోని 'అసైన్‌మెంట్'ను తెలుగులో అలాగే వాడితే ఇంకో ప్రమాదం: మన దగ్గర అసైన్డ్ భూమి అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూమి.

చట్టం ఏమంటుందో కూడా చూస్తే మీ ఒప్పందంలో ఆ షరతు ఎందుకు పెట్టారో తెలుస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో నిషేధం లేకపోతే లీజుదారు ఆస్తిని సబ్‌లీజుకు ఇవ్వవచ్చు. ఇచ్చినంత మాత్రాన యజమాని పట్ల అతని బాధ్యతలు పోవు. కింద ఉన్నవారు సొమ్ము ఎగవేసినా యజమానికి అద్దె కట్టవలసినది అతనే. అదే చట్టం 115వ సెక్షన్‌లో దీన్నే 'అండర్‌లీజ్' అన్నారు, అర్థంలో తేడా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం మరో వైపు నుంచి వచ్చింది. ఆ హక్కును ఒప్పందం ఇవ్వనప్పుడు, యజమాని లిఖితపూర్వక సమ్మతి లేకుండా ఉప అద్దెకు ఇస్తే, ఖాళీ చేయించడానికి దాని 10వ సెక్షన్‌లో అదొక కారణం. పత్రాలు రాసేవారు ఏ సందేహమూ మిగలకుండా నిషేధాన్ని మాటల్లోనే పెడుతున్నది ఇందుకే.

అయితే ఆ మాటలు చదివేవారికి తెలియాలి. ఈసారి పత్రం తిరగ రాసుకునేటప్పుడు 'ఉపకౌలుకు ఇవ్వరాదు' అన్న వాక్యానికి బదులు ఇలా రాయించండి: "యజమాని లిఖితపూర్వక అనుమతి లేకుండా, అద్దెకు తీసుకున్నవారు ఈ ఇంటిని గాని, ఇందులో ఏ భాగాన్ని గాని మరొకరికి అద్దెకు (సబ్‌లీజుకు) ఇవ్వరాదు." 'ఏ భాగాన్ని గాని' అన్నది వదలకూడదు, అది లేకపోతే ఒక గదిని మాత్రమే ఇచ్చినవారు, తాము ఇంటిని ఇవ్వలేదని వాదించవచ్చు.