పార్కు బాగుపడింది, భయం పోలేదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా కాలనీ పార్కులో కొత్తగా వాకింగ్ ట్రాక్, లైట్లు, కంచె మొక్కలు వేశారు. అయినా చీకటి పడితే ఆడవాళ్లు అడుగు పెట్టడం లేదు. ఇల్లూ వాకిలీ లేనివాళ్లు కొందరు బెంచీల మీదే పడుకుంటున్నారు. బెంచీల మధ్యలో ఇనుప కడ్డీలు పెట్టిద్దామని సంఘంలో అంటున్నారు. పెట్టించవచ్చా?
- మార్నింగ్ వాకర్స్ సంఘం కార్యదర్శి, వరంగల్

వద్దు. కడ్డీ పెడితే ఆ మనిషి ఊరొదిలి పోడు, బెంచీ వదిలి పంపు రూము వెనక్కి పోతాడు. వెలుగులో కనిపించే మనిషిని చీకట్లోకి తోసినట్టవుతుంది, మీ భయమూ పెరుగుతుంది.

ముందు రాత్రి ఎనిమిదింటికి పార్కంతా నడిచి చూడండి. లైటు స్తంభాలు చెట్ల కొమ్మలకంటే ఎత్తుగా ఉన్నాయా? కొత్త పార్కుల్లో తరచూ జరిగే తప్పు ఇదే. వెలుగంతా ఆకుల మీద పడుతుంది, దారి మీద నీడే మిగులుతుంది. నడకదారి పక్కన నాలుగు మీటర్ల స్తంభాలు చాలు, దీపం మాత్రం కొమ్మల కిందే ఉండాలి. మధ్యలో ఒక్క హైమాస్ట్ (బాగా ఎత్తైన దీపస్తంభం) పెట్టి ఊరుకుంటే కళ్లు చెదిరి దాని అవతల ఎవరున్నారో కనపడదు. కంచె మొక్కలను రెండున్నర అడుగులు దాటనివ్వకండి, కొమ్మలు ఏడడుగుల కిందికి వేలాడనివ్వకండి. కాంట్రాక్టరు నిర్వహణ గడువు ముగియగానే కత్తిరింపు ఆగిపోతుంది. ఒక్క వానాకాలం గడిస్తే కంచె ఛాతీ దాకా వస్తుంది. ఇక దాని వెనక ఏం జరిగినా రోడ్డు మీదివాళ్లకు తెలియదు. అందుకే నెలనెలా కత్తిరింపు ఎవరి బాధ్యతో కార్పొరేషన్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కు 1970లలో మత్తుమందులు అమ్మేవాళ్ల అడ్డా. అక్కడి మనుషుల కదలికలను గమనించిన విలియం వైట్ సలహాతో ఎత్తైన కంచెలు తీసేశారు, ప్రవేశ దారులు తెరిచారు, ఎక్కడికైనా జరుపుకునే కుర్చీలు వేశారు. 1988లో మూసిన పార్కును 1992లో మళ్లీ తెరిస్తే జనం వచ్చారు, అమ్మేవాళ్లకు చోటు లేకుండా పోయింది. కానీ ఆ కుర్చీలు ఎవరికీ రాత్రి పడక ఇవ్వలేదు. ఆ పని విడిగా చేయాల్సిందే.

ఇంకొక మాట. పడుకోవడం వేరు, తాగి గొడవ చేయడం, గంజాయి అమ్మడం, ఆడవాళ్ల వెంటపడటం వేరు. ఇలాంటివి జరిగితే 112కు ఫోన్ చేయండి, తేదీ, సమయం, చోటు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. పడుకున్నవాడి మీద ఆ నేరాలు వేయకండి. చాలాసార్లు రాత్రి దెబ్బలు తినేదీ, సంచి పోగొట్టుకునేదీ అతనే.

ప్రశ్న: పార్కులో పడుకునేవాళ్లను షెల్టర్‌కు (రాత్రి వసతి కేంద్రానికి) రమ్మంటే రారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

రాకపోవడానికి కారణం అడిగితే తెలుస్తుంది. చెత్త ఏరుకునే మనిషి గోనె సంచిని లోపలికి రానివ్వరు, బయట వదిలితే తెల్లారేసరికి ఉండదు. భార్యాభర్తలను విడదీస్తారు. అడ్డా కూలీకి తెల్లవారుజామునే అడ్డాలో ఉండాలి, షెల్టరేమో రెండు బస్సుల దూరం. కాబట్టి సంచి పెట్టుకునే చోటు, తాళం, కుటుంబానికి గది ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి.

వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్లండి, ఒకరు మహిళ అయితే మంచిది. కాళ్ల వైపు, రెండు చేతుల దూరంలో నిలబడి పలకరించండి. తట్టి లేపొద్దు, ఫొటో తీయొద్దు. పలకకపోయినా, పుండుకు పురుగులు పట్టినా 108కి చెప్పండి. వృద్ధులైతే 14567, పిల్లలైతే 1098. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ నంబరు 040-21111111, షెల్టర్లు చూసేది అందులోని యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగం. మిగతా పట్టణాల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కార్యాలయానికి వెళ్లండి.

లక్ష జనాభాకు కనీసం వంద మందికి శాశ్వత వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు చెప్పాయి. గుర్తింపు కార్డులు ఇప్పించడం కూడా షెల్టర్ చేయాల్సిన పనే. ఆధార్ లేదని తిప్పి పంపితే ఆ మాట గట్టిగా చెప్పండి. మీ పట్టణ జనాభా లెక్కతో వినతిపత్రం ఇస్తే అధికారులు తోసిపుచ్చడం కష్టం.

ప్రశ్న: తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే ఒకామె పార్కు గేటు దగ్గరే ఉంటోంది. పోలీసులు 'మా పని కాదు' అంటున్నారు.
- విశాఖపట్నం పాఠకుడు

వాళ్ల పనే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, సెక్షన్ 100 ప్రకారం, మానసిక అనారోగ్యంతో తనను తాను చూసుకోలేక తిరుగుతున్నారని అనిపించిన మనిషిని స్టేషన్ అధికారి రక్షణలోకి తీసుకోవాలి. అప్పటినుంచి 24 గంటలు దాటకుండా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో మాత్రం పెట్టకూడదు. ఇల్లు లేని మనిషైతే తప్పిపోయినట్టు ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, కుటుంబాన్ని వెతకాలి. నోటి మాటతో ఆగకండి. సెక్షన్ నంబరు, ఆమె కనిపించే చోటు, సమయం రాసి దరఖాస్తు ఇవ్వండి, రెండో ప్రతి మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి.