టెక్ సందేహాలు: ఎల్‌ఈడీ టీవీలో బాతు ఎందుకు పడదు?

ఈ వారం వచ్చిన మెయిళ్ల నిండా ఆటల గోలే. అందులోనూ సగానికి పైగా ఒకే కంపెనీ చుట్టూ తిరిగాయి: నింటెండో. వైఫై బాధితులు, ఫోన్ స్టోరేజీ నిండిపోయినవాళ్లు వచ్చే వారం దాకా కాస్త ఓపిక పట్టండి.

సజ్జ సర్దుతుంటే చిన్నప్పటి క్యాసెట్ వీడియోగేమ్ దొరికింది. మా బాబుకి చూపిద్దామని 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకి కలిపాను. మారియో, కాంట్రా బాగానే ఆడుతున్నాయి. డక్ హంట్‌లో మాత్రం ఎంత గురిపెట్టి కొట్టినా ఒక్క బాతూ పడట్లేదు. తుపాకీ పాడైందా? కోఠిలో ఇస్తే బాగుచేస్తారా? (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు)

కోఠికి వెళ్లకండి. తుపాకీ బాగానే ఉండి ఉంటుంది, చిక్కంతా టీవీతోనే. ఆ తుపాకీ నుంచి బయటికి ఏమీ రాదు. అది పేల్చదు, చూస్తుంది. గొట్టంలో ఒక లెన్సు, దాని వెనక వెలుగును పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక ఫ్రేమ్ పాటు తెర మొత్తాన్ని నల్లగా చేస్తుంది. ఆ తర్వాతి ఫ్రేమ్‌లో బాతు ఉన్నచోట తెల్లటి చదరం గీస్తుంది. రెండు బాతులుంటే ఒకదాని వెంట ఒకటిగా రెండు చదరాలు. సెన్సర్‌కు ముందు చీకటి, వెంటనే వెలుగు కనిపిస్తే బాతు పడినట్టు లెక్క. మధ్యలో ఆ నల్ల ఫ్రేమ్ ఎందుకంటే, తుపాకీని ట్యూబ్‌లైట్ వైపు తిప్పి పాయింట్లు కొట్టేసే గడుగ్గాయిల కోసం. ఇదంతా సెకనులో 50వ వంతు, 60వ వంతు ఉండే ఫ్రేముల్లో జరిగిపోతుంది, అందుకే మన కంటికి తెర ఒక్కసారి మెరిసినట్టే ఉంటుంది.

పాత డబ్బా టీవీలో సిగ్నల్ వచ్చిన క్షణమే తెర మీద వెలుగవుతుంది. ఎల్‌ఈడీ టీవీ అలా కాదు. వచ్చిన బొమ్మను డిజిటల్‌గా మార్చి, సైజు పెంచి, మెరుగులు దిద్ది అప్పుడు చూపిస్తుంది. ఆట వచ్చి తుపాకీని ‘వెలుగు కనిపించిందా’ అని అడిగేసరికి తెల్ల చదరం ఇంకా దారిలోనే ఉంటుంది. గేమ్ మోడ్ పెడితే ఆలస్యం తగ్గుతుంది గానీ బాతు మాత్రం పడదు, ఎందుకంటే సెన్సర్ సర్క్యూట్‌లో ఇంకో వడపోత ఉంది. డబ్బా టీవీ సెకనుకు 15,600 పైచిలుకు గీతలు గీస్తుంది. ఆ లయలో మెరిసే వెలుగునే తుపాకీ వెలుగుగా లెక్కేస్తుంది. ఎల్‌ఈడీ తెర నిలకడ వెలుగు దాని దృష్టిలో గోడతో సమానం.

కాబట్టి మీకు కావాల్సింది డబ్బా టీవీ. ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతకండి. కొనేముందు కరెంటు పెట్టించి కనీసం పది నిమిషాలు నడపమనండి. వేడెక్కాక బొమ్మ ముడుచుకుపోతున్నా, కిందికి జారుతున్నా వదిలేయండి. వెనకో పక్కనో పసుపు ఏవీ సాకెట్ ఉండాలి. ముందు ‘100 హెర్ట్జ్’ అని రాసి ఉంటే అది కొనకండి, డబ్బా టీవీయే అయినా లోపల డిజిటల్ ప్రాసెసింగ్ ఉంటుంది, మళ్లీ అదే కథ. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ కాస్త ఎక్కువ పెట్టుకోండి. వెనక మూత మాత్రం మీరు విప్పొద్దు, స్విచ్ ఆపేశాక కూడా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులు నిలవ ఉంటాయి.

ఈ తుపాకీ వెనక నింటెండోకి ఒక పెద్ద దెబ్బ కూడా ఉంది. 1970లో కాంతి తుపాకీ బొమ్మలు అమ్మింది. అందులోని సోలార్ సెల్స్ షార్ప్ కంపెనీవి, వాటిని అమ్మడానికి వచ్చిన ఇంజనీరు మసయుకి ఉయెమురా. తర్వాత ఆయన నింటెండోలోనే చేరి, జపాన్‌లో అమ్మిన ఫామికామ్ అనే క్యాసెట్ గేమ్ మెషిన్‌ను తయారుచేశాడు. 1973లో అదే తుపాకీ ఆలోచనను మూతపడ్డ బౌలింగ్ కేంద్రాల్లో షూటింగ్ ఆటగా పెట్టారు. అంతలో చమురు సంక్షోభం వచ్చి ఆర్డర్లు రద్దయి, కంపెనీ అప్పుల్లో మునిగింది. ఆ మునిగిన ఆలోచనే 1984లో డక్ హంట్‌గా పైకి తేలింది.

మా క్యాసెట్ ఊది పెడితేనే పనిచేస్తుంది. ఒక్కోసారి పాట వస్తుంది, బొమ్మలు మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంటాయి. లోపల లాక్ చిప్ పోయిందని యూట్యూబ్‌లో చెప్పారు. అడాప్టర్ కూడా పాతది, మార్చాలి. (నాచారం)

ముందు ఊదడం మానండి. పనిచేసేది మీ ఊపిరి కాదు, క్యాసెట్ తీసి మళ్లీ గుచ్చడం. ఊదిన తడి మాత్రం రాగి మీద మిగిలి పచ్చగా చిలుము పట్టిస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవిపుల్లలు చాలు. పుల్ల తడిపి పిన్నుల పొడవునా, పైనుంచి కిందికి తుడవండి. అడ్డంగా రుద్దితే మురికి పక్క పిన్నుకు చేరుతుంది. దూది నల్లబడటం ఆగేదాకా పుల్లలు మార్చండి, పది నిమిషాలు ఆరనివ్వండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పైపూత అరిగిపోతుంది.

పాట వచ్చి బొమ్మలు చెదిరితే అదీ ఒక ఆధారమే. క్యాసెట్‌లో ప్రోగ్రామ్‌కు వేరే, బొమ్మలకు వేరే మెమరీ ఉంటాయి, వాటి పిన్నులూ వేరు. ప్రోగ్రామ్ వైపు బాగుంది, బొమ్మల వైపు కొన్ని పిన్నులు అందడం లేదు. తెర ఒకే రంగులో బిగుసుకుపోతే అప్పుడు ప్రోగ్రామ్ వైపు చూడాలి.

లాక్ చిప్ గొడవ మీ మెషిన్‌ది కాదు, ఫామికామ్‌కు అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్‌ది. అక్కడ 1983లో వీడియోగేమ్ వ్యాపారం కుప్పకూలింది. ‘వీడియోగేమ్’ అంటేనే దుకాణదారులు మొహం తిప్పుకునే రోజుల్లో, 1985 అక్టోబరులో నింటెండో న్యూయార్క్‌లో అడుగుపెట్టింది. మెషిన్‌కు వీసీఆర్ వేషం వేసింది: ముందు మూత తెరిచి క్యాసెట్‌ను లోపలికి తోసి, కిందికి నొక్కాలి. పక్కన రాబ్ అనే బొమ్మ రోబోను కూడా పెట్టింది. వేషం పారింది. ఫామికామ్‌తో కలిపి ఆ మెషిన్లు 6.19 కోట్లు అమ్ముడయ్యాయి. అయితే ఆ తోసి నొక్కే 72 పిన్నుల కనెక్టరే త్వరగా వదులైపోయేది. క్యాసెట్‌లోని జత చిప్‌తో మాట కలవకపోతే మెషిన్‌లోని లాక్ చిప్ సెకనుకోసారి రీసెట్ కొడుతుంది, లైటు మినుకుమినుకుమంటుంది. మన సంతల్లో దొరికినవి జపాన్ ఫామికామ్‌కు నకళ్లు: 60 పిన్నులు, పైనుంచి గుచ్చే క్యాసెట్, తాళం లేదు.

అడాప్టర్ కొనేముందు మెషిన్ అడుగున ఏం రాసి ఉందో చూడండి. చాలావాటికి 9 వోల్టుల డీసీ. లోపల 7805 రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకు దించుతుంది, అందుకే ఆ మూల వేడెక్కుతుంది. 9 వోల్టుల 1 ఆంపియర్ స్విచింగ్ అడాప్టర్ తీసుకోండి. అసలు చూడాల్సింది ప్లస్, మైనస్. ఫామికామ్‌లో మధ్య పిన్ను మైనస్, ఇప్పుడు షాపుల్లో దొరికే మామూలు అడాప్టర్లలో మధ్యది ప్లస్. నకళ్లలో రెండూ ఉన్నాయి. సాకెట్ పక్కన ఉన్న గుర్తును, మల్టీమీటర్ చూపే గుర్తును సరిపోల్చాకే గుచ్చండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్‌ను ఉత్తినే కొలిస్తే 12, 13 వోల్టులు చూపినా కంగారు పడొద్దు, లోడు లేనప్పుడు అవి అలాగే చూపిస్తాయి.

టెక్ ఫెస్ట్‌లో ‘నింటెండో విజయ ఘట్టాలు’ మీద పది స్లైడ్‌లు చెయ్యాలి. చాట్‌బాట్‌ను అడిగితే ఇవి ఇచ్చింది: 1983లో మొదలైంది, ఫామికామ్ తొలిరోజు నుంచే హిట్, గేమ్ బాయ్ మెరుగైన తెరతో పోటీని ఓడించింది, పోకెమాన్ గో తయారుచేసింది. నేరుగా పెట్టేయొచ్చా? (ఘట్‌కేసర్ నుంచి ఇంజనీరింగ్ విద్యార్థిని)

నాలుగూ తప్పే. పైగా అసలు ఘట్టమే జారవిడిచింది.

కంపెనీ పుట్టింది 1889 సెప్టెంబరు 23న, క్యోటోలో, హనాఫుదా పేకముక్కలతో. 1983 జులై 15 ఫామికామ్ విడుదల తేదీ, ధర 14,800 యెన్‌లు. తొలిరోజు హిట్ సంగతి అటుంచి, మొదటి విడత మెషిన్లు ఆట మధ్యలో బిగుసుకుపోయేవి. చిప్‌లో లోపమని తేలాక అధ్యక్షుడు హిరోషి యమౌచి సరుకు వెనక్కి రప్పించి మదర్‌బోర్డులే మార్పించాడు. గెలుపు అక్కడుంది, స్లైడ్ మీద ఆ ముక్క రాయండి.

జారిపోయిన ఘట్టం డాంకీ కాంగ్. అమెరికా శాఖ రాడార్ స్కోప్ అనే ఆర్కేడ్ ఆట పెట్టెలు 3,000 తెప్పించుకుంది. వెయ్యి పోయాయి, సుమారు 2,000 గోదాములో మిగిలాయి. ఆ పెట్టెలనే వాడుకుంటూ కొత్త ఆట చెయ్యమని యమౌచి పురమాయించింది షిగేరు మియమోటో అనే కుర్ర డిజైనర్‌ను, పైన పర్యవేక్షణ కంపెనీ సీనియర్ డిజైనర్ గున్పే యోకోయిది. 1981లో మార్పిడి కిట్లు అమెరికా చేరాయి. శాఖాధిపతి మినోరు అరకావా, ఆయన భార్య, ఇంకో నలుగురైదుగురు కూర్చుని పెట్టెలు విప్పి చేత్తో బోర్డులు మార్చారు. ఆటలో దూకే వడ్రంగికి గోదాము యజమాని మారియో సెగాలీ పేరు తగిలించారు. మరుసటేడు యూనివర్సల్ స్టూడియో ‘కింగ్ కాంగ్ మాది’ అంటూ కోర్టుకెక్కింది. నింటెండో లాయరు జాన్ కిర్బీ పట్టుకున్న ముడి ఏమిటంటే, కింగ్ కాంగ్ కథ ఎవరి సొత్తూ కాదని అంతకుముందు ఇంకో కేసులో వాదించి గెలిచింది యూనివర్సలే. కేసు కొట్టేశారు. మీ పది స్లైడ్‌లలో మూడు దీనికే ఇచ్చినా నేను తప్పుపట్టను.

చేతిలో పట్టుకుని ఆడే మెషిన్ గేమ్ బాయ్ సంగతి పూర్తిగా తిరగబడింది. 1989 ఏప్రిల్ 21న వచ్చినప్పుడు దాని తెర 160 బై 144 చుక్కలు, పాకుడు రంగులో నాలుగు ఛాయలు, వెనక లైటు కూడా లేదు. పోటీగా వచ్చిన సెగా గేమ్ గేర్, అటారీ లింక్స్‌లకు రంగుల తెరలు ఉన్నాయి, వాటికి ఆరేసి పెన్సిల్ బ్యాటరీలు కావాలి, నాలుగైదు గంటల్లో ఖాళీ. గేమ్ బాయ్‌కి నాలుగు చాలు, పది గంటలు దాటి నడిచేది. యోకోయి పద్ధతే అది: బాగా నలిగి, చవకై, గుట్టుమట్లన్నీ తెలిసిపోయిన విడిభాగాన్ని తీసుకుని ఎవరూ ఊహించని పనికి వాడటం. కాలిక్యులేటర్ తెరతో గేమ్ అండ్ వాచ్ అనే జేబు ఆటలు చేసి 4.34 కోట్లు అమ్మించిన మనిషి. గేమ్ బాయ్ లెక్క 11.87 కోట్లు. ఇందులో గేమ్ బాయ్ కలర్ కూడా కలిసి ఉందని స్లైడ్ కింద రాయండి, లేకపోతే జడ్జీల్లో ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ఫోన్ ఆట పోకెమాన్ గో చేసింది నయాంటిక్ అనే వేరే కంపెనీ. 2016 జులైలో జనం అది నింటెండోదే అనుకుని షేరును రెట్టింపు చేశారు. మా లాభాల మీద ప్రభావం పరిమితమేనని కంపెనీ చెప్పగానే ఒక్కరోజులో అది దాదాపు 18 శాతం పడింది.

కోడింగ్ బ్యాచ్ కోసం ఒక స్లైడ్: సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. అంతలో ఇమడ్చడానికి ఆకాశంలో మేఘం, నేల మీద పొద ఒకే బొమ్మ, రంగే వేరు. ఇంకొకటి: నింటెండో గేమ్ మెషిన్ వీ 10.16 కోట్లు పోయాక వచ్చిన వీ యూ 1.36 కోట్ల దగ్గర చతికిలపడింది, దాని తర్వాతి స్విచ్ 15 కోట్లు దాటింది. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెడితే వేరే మాట అక్కర్లేదు.

గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో పోకెమాన్ ఎమరాల్డ్ క్యాసెట్ పెడితే బ్యాటరీ అయిపోయిందని వస్తోంది. సేవ్ పోతుందా? (సైనిక్‌పురి)

పోదు. అందులో సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, బ్యాటరీ గడియారానికి మాత్రమే. ట్రై-వింగ్ (మూడు రెక్కల) స్క్రూడ్రైవర్‌తో విప్పి, పట్టీలు అతికించి ఉన్న సీఆర్1616 బ్యాటరీ వెయ్యండి. ఉత్త బ్యాటరీ మీద నేరుగా సోల్డర్ పెడితే వేడికి ఉబ్బి పగలవచ్చు. కొత్త బ్యాటరీతో గడియారం సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి పాత సేవ్‌లో బెర్రీలు చాలాకాలం పెరగవు, కొత్తగా ఆట మొదలుపెడితే సరిగ్గా నడుస్తుంది. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ క్యాసెట్లకు ఇది వర్తించదు. వాటిలో బ్యాటరీ తీస్తే సేవ్ గల్లంతే.

డాలస్ నుంచి మా బావ స్విచ్ 2 తెస్తున్నారు. ఇక్కడ పనిచేస్తుందా? పాత మెమరీ కార్డు వాడొచ్చా? (మాదాపూర్)

పనిచేస్తుంది. అడాప్టర్ 100 నుంచి 240 వోల్టులది, ప్లగ్ పిన్ను మార్చుకుంటే చాలు. ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు కాబట్టి ఇక్కడ వారంటీ ఆశించకండి, బయల్దేరే ముందే అక్కడ పెట్టె విప్పి జాయ్-కాన్ (పక్కన తగిలించే కంట్రోలర్లు) పుల్లలు, తెర చూసుకోమనండి. పాత మైక్రో ఎస్‌డీ కార్డు ఫొటోలు, వీడియోలు తెచ్చుకోవడానికే పనికొస్తుంది, ఆటలు ఎక్కించాలంటే మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కావాలి. ఆటలు కూడా తెమ్మంటున్నట్టయితే పెట్టె కింది అంచున ‘గేమ్-కీ కార్డ్’ అని ఉందేమో చూడమనండి. ఉంటే కార్డులో తాళంచెవే ఉంటుంది, ఆట మొత్తం మీ ఇంటి వైఫై మీదే దిగాలి.